చలికాలపు పావురాల రేసులు: బుట్ట తలుపు ఎప్పుడు తెరవాలి?

సంక్రాంతి దగ్గరపడే రోజుల్లో కోస్తా జిల్లాల నుంచి అప్పుడప్పుడూ ఒక వార్త వస్తుంటుంది. ఎవరి డాబా మీదో ఓ పావురం వాలింది, దాని కాలికి రింగు ఉంది, రింగు మీద అంకెలూ అక్షరాలూ ఉన్నాయి. పిల్లలు చుట్టూ మూగుతారు. ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. సాయంత్రానికల్లా అది గూఢచారి పావురం అయిపోతుంది. విచారిస్తే తేలేది చాలాసార్లు చిన్న విషయమే. చెన్నైలో ఏదో మిద్దె మీదున్న తన గూటికి వెళ్తూ దారిలో శక్తి అయిపోయి దిగిన రేసు పావురం అది.

ముంబైలో ఇలాంటిదే ఇంకా పెద్ద గొడవ అయింది. 2023 మేలో ఓడరేవు దగ్గర దొరికిన ఒక పావురం కాళ్లకు రింగులున్నాయి, రెక్కల మీద చైనా లిపిలా కనిపించే రాత ఉంది. గూఢచర్యం అనుమానంతో దాన్ని ఎనిమిది నెలలు జంతువుల ఆసుపత్రిలో ఉంచారు. చివరికి అది తైవాన్‌లో సముద్రం మీద ఎగిరించే రేసు పావురమని తేలింది. 2024 జనవరి 30న వదిలిపెట్టారు.

చెన్నై పావురమైనా తైవాన్ పావురమైనా ఈ స్థితికి రావడానికి ముందు ఎక్కడో ఒక మనిషి బుట్ట తలుపు తీశాడు. ఆ రోజు, ఆ గంటకు, ఆ ఆకాశంలోకి దాన్ని వదలొచ్చా అని ఎవరో నిర్ణయించారు. చలికాలంలో పావురాల రేసులు పెట్టడం తప్పా ఒప్పా అనే వాదన విదేశాల్లోనూ మన దగ్గరా పెంపకందార్ల మధ్య చాలాకాలంగా నడుస్తోంది. అందులో ఎక్కువ మాటలు చలి చుట్టూనే తిరుగుతాయి. అసలు చూడాల్సింది ఆ నిర్ణయాన్ని.

రేసు ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం కొంచెం. రేసు పావురాలను హోమర్లు అంటారు. కొండరాళ్ల సందుల్లో గూడు పెట్టుకునే అడవి పావురం నుంచి వచ్చిన జాతి ఇది. 19వ శతాబ్దంలో బెల్జియంలో దీన్ని రేసుల కోసం బాగా మెరుగుపరిచారు. బరువు అర కిలో లోపు. గాలి అనుకూలంగా ఉంటే గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో గంటల తరబడి ఆగకుండా ఎగరగలదు. పావురాలను బుట్టల్లో పెట్టి లారీలోనో రైల్లోనో దూరం తీసుకెళ్లి, అన్నిటినీ ఒకేసారి వదులుతారు. ప్రతి గూటికీ దూరం వేరు కాబట్టి, నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందన్న లెక్క మీద గెలుపు తేలుతుంది. దీని వెనక డబ్బు ఎంత ఉందో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. 2020 నవంబరులో న్యూ కిమ్ అనే బెల్జియం ఆడ పావురం వేలంలో 16 లక్షల యూరోలు పలికింది.

ఇక చలి. రేసు పావురానికి చలి ఒక్కటే పెద్ద శత్రువు కాదు. దీని శరీర వేడి 41, 42 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుంటే లోపల గాలి నిలిచి దుప్పటిలా పనిచేస్తుంది. మాస్కోలాంటి ఊళ్లలో మంచు పేరుకున్న చూరుల కింద పావురాలు ఏళ్లుగా బతుకుతూనే ఉన్నాయి. ఎగిరేటప్పుడైతే కండరాలే పొయ్యిలా వేడి పుట్టిస్తాయి. పొడిగా, తేటగా ఉన్న చలి రోజు కంటే మన ఏప్రిల్ ఎండే దానికి ఎక్కువ ప్రమాదం. "చలిలో పావురాలను వదలడం క్రూరత్వం" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. "మా పావురాలకు చలి ఏం చేయదు" అని వెంటనే జవాబిచ్చే పెంపకందారు కూడా విషయాన్ని అక్కడితో ముగించేస్తాడు. చలికాలం మోసుకొచ్చే మిగతావాటి గురించి ఇద్దరూ మాట్లాడరు.

మొదటిది పగలు. పావురం రాత్రి పూట ప్రయాణించే పక్షి కాదు. చీకటి పడితే ఎక్కడున్నా దిగిపోవాలి. లండన్‌లో జూన్‌లో పగలు పదహారున్నర గంటలకు పైగా ఉంటుంది. డిసెంబరు 21 ప్రాంతంలో ఎనిమిది గంటలు కూడా ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల లెక్కన 500 కిలోమీటర్లకు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు కావాలి. అంటే పొద్దు పొడిచిన క్షణంలో వదిలినా ఆ పావురం వెలుతురులో ఇల్లు చేరలేదు. దారి తెలియని చోట, తడి కొమ్మ మీదో కరెంటు తీగ మీదో, ఖాళీ కడుపుతో పదహారు గంటల రాత్రి గడపాలి. ఐరోపాలో ఉత్తరాది దేశాలు డిసెంబరులో దూరపు రేసులు పెట్టకపోవడానికి ఈ లెక్కే సగం కారణం.

రెండోది మబ్బు, మంచు. పావురం దారి ఎలా పడుతుందో విజ్ఞానశాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. సూర్యుడు, భూమి అయస్కాంత శక్తి, వాసనలు, కింద కనిపించే నదులూ రోడ్లూ వేటినైనా అవసరాన్ని బట్టి వాడుకుంటుందని మాత్రం అర్థమైంది. అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం కీటన్ 1971లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చాలా ముఖ్యం. ఆయన పావురాలకు చిన్న అయస్కాంతాలు కట్టి వదిలాడు. ఎండ ఉన్న రోజున అవి మామూలుగానే ఇంటి దిక్కు పట్టాయి. మబ్బు పట్టిన రోజున తికమకపడ్డాయి. సూర్యుడు కనిపిస్తే పావురం ముందు దాన్నే నమ్ముకుంటుంది, కనిపించకపోతే అయస్కాంత జ్ఞానం మీద ఆధారపడుతుంది అని దీన్నుంచి అర్థం చేసుకున్నారు. ఆకాశం మూసుకుపోతే దాని చేతిలో ఉన్న ఆధారాల్లో ఒకటి పోయినట్టే. దానికి తోడు పొగమంచు దిగితే కింద నేల కూడా కనిపించదు. అనుభవం ఉన్న పావురం అయితే మిగిలిన ఆధారాలతో నెట్టుకొస్తుంది. మొదటి ఏడాది పిల్ల పావురానికి ఆ అనుభవం ఉండదు.

తడి గురించి తక్కువ మాట్లాడతారు గానీ ప్రాణాలు ఎక్కువ తీసేది అదే. బాతుకు ఈకల మీద నూనె పూత దండిగా ఉంటుంది, నీళ్లు జారిపోతాయి. పావురం ఈకలను కాపాడేది ఎక్కువగా తెల్లటి సన్న పొడి. పావురాన్ని చేతిలో పట్టుకున్నవాళ్ల వేళ్లకు అంటుకునేది అదే. కాసేపు జల్లు పడితే అది కాస్తుంది. గంటల వానలో కాయలేదు. ఈకలు తడిస్తే లోపల నిలిచిన గాలి పోతుంది, బరువు పెరుగుతుంది, వెచ్చదనం కోసం ఒంట్లో కొవ్వు వేగంగా ఖర్చవుతుంది. ఎగరడానికీ ఆ కొవ్వే ఇంధనం. పొడి చలిని తట్టుకున్న పక్షి తడి చలికి లొంగిపోయేది ఇందుకే.

వేటపక్షులు కూడా ఉన్నాయి. చలికాలంలో చిన్న పక్షులు తగ్గిపోయి ఆకలి మీదున్న డేగలకు అలిసిన పావురం తేలిగ్గా దొరికే తిండి. అమెరికా, ఐరోపా పెంపకందార్లు చాలామంది ఈ భయంతోనే ఆ నెలల్లో పావురాలను గూటి బయటకే వదలరు. మన దేశంలో ఇక్కడే ఉండే షహీన్ డేగకు తోడు, ఉత్తరాది దేశాల నుంచి బైరి డేగలు చలికాలానికి వలస వస్తాయి. ఆకాశంలో పావురాన్ని వెంటాడి పట్టడంలో వాటిని మించినవి లేవు. డేగ తినడం డేగ తప్పు కాదు. దాని నోటి ముందుకు ఎవరు, ఎప్పుడు పంపారన్నదే మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఇవన్నీ పాతకాలపు పెంపకందార్లకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. బ్రిటన్‌లోనూ బెల్జియంలోనూ రేసుల సీజన్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ తర్వాత పావురాలు ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి. ఒక్కో రెక్కకు ఉండే పది పెద్ద ఈకలూ వరసగా ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. ఆ పని ముగిసేసరికి ఏడాది చివరికి వస్తుంది. రెక్కలో సందు ఉన్న పక్షిని దూరం పంపరు. చలికాలం వాటికి విశ్రాంతి, పెంపకందార్లకు ప్రదర్శనల కాలం. జనవరిలో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో దేశం నలుమూలల నుంచి పెంపకందార్లు చేరి తమ పావురాలను హాల్లో చూపించుకుంటారు, ఎగిరించరు. పోలండ్‌లోనూ అంతే. 2006 జనవరి 28న కతోవీత్సె నగరంలో అలాంటి ప్రదర్శన జరుగుతుండగా మంచు బరువుకు హాలు పైకప్పు కూలి 65 మంది చనిపోయారు. జనవరిలో వందలమంది పావురాల మనుషులు ఒక హాల్లో ఎందుకున్నారంటే, అది ఆకాశంలోకి పావురాన్ని పంపే కాలం కాదని వాళ్ల సంప్రదాయం నేర్పింది కాబట్టి.

ఆ సంప్రదాయం ఇప్పుడు సడలుతోంది. గూటిని రోజులో ఎక్కువ గంటలు చీకటి చేసి పిల్ల పావురాలు ఈకలు రాల్చడాన్ని వాయిదా వేయించే పద్ధతి చాలాకాలంగా ఉంది. దీనివల్ల సీజన్ చివరి రేసుల దాకా రెక్క నిండుగా ఉంటుంది. పక్షి శరీరానికి ఋతువు ఏదో చెప్పేది వెలుగు. దాన్నే మార్చేస్తే క్యాలెండర్ మనిషి చేతిలోకి వచ్చేస్తుంది. అప్పుడు పక్షి సిద్ధంగా ఉందా అని చూడడం తగ్గి, రేసు తేదీకి పక్షిని సిద్ధం చేయడం మొదలవుతుంది.

చలికాలంలో పావురం ఎగరగలదా అని అడిగేవాళ్లకు వింకీ కథ చెబుతారు. 1942 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రంలో ఒక బ్రిటిష్ యుద్ధ విమానం కూలింది. అందులోని నలుగురూ గడ్డకట్టే నీళ్లలో రబ్బరు పడవ మీద ఉన్నారు. విమానంలో ఉన్న వింకీ అనే ఆడ పావురం, రెక్కలకు ఇంజిన్ నూనె అంటుకుని ఉండగా, సుమారు 120 మైళ్లు ఎగిరి స్కాట్లండ్‌లో డండీ పక్కనున్న తన గూటికి చేరింది. దాని దగ్గర సందేశం ఏమీ లేదు. విమానం చివరిగా కబురు చేసిన సమయం, పావురం వచ్చిన సమయం, గాలి, రెక్కల మీది నూనె, వీటన్నిటినీ లెక్కేసి విమానం ఎక్కడ పడిందో పసిగట్టారు. నలుగురూ బతికారు. యుద్ధంలో జంతువులు చేసిన సాహసానికి బ్రిటన్‌లో ఇచ్చే డికిన్ పతకాన్ని 1943 డిసెంబరులో మొదటిసారి ఇచ్చినప్పుడు, వాటిలో ఒకటి వింకీకి దక్కింది.

వింకీ కథ చలిలో పావురం ఎంత చేయగలదో చెబుతుంది. చేయించాలని మాత్రం చెప్పదు. అక్కడ నాలుగు ప్రాణాలు ఆ రెక్కల మీద ఆధారపడి ఉన్నాయి. మన పొరుగున ఒడిశా పోలీసులు 1946 నుంచి నడిపిన పావురాల టపా కూడా అలాంటిదే. 1999 సూపర్ సైక్లోన్‌లో ఫోన్లు, వైర్‌లెస్‌లు ఆగిపోయినప్పుడు ఆ పావురాలే కబుర్లు మోశాయి. అవసరం పెద్దదైనప్పుడు ప్రమాదానికి ఒక అర్థం ఉంటుంది. కప్పు కోసం, పందెం డబ్బు కోసం అదే ప్రమాదంలోకి నెడితే ఆ అర్థం మిగలదు. పక్షి పడే కష్టం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించే ఉదాహరణ తైవాన్. అక్కడ పావురాలను ఓడల్లో సముద్రం మధ్యకు తీసుకెళ్లి వదులుతారు. ఒక సిరీస్‌లో ఏడు దశల దాకా ఉంటాయి, దశ దశకూ దూరం పెరుగుతుంది. గడువు లోపల తిరిగొచ్చినవే తర్వాతి దశకు వెళ్తాయి. ఎగిరేవి ఏడాది కూడా నిండని పిల్లలు. ఇవి చలికాలంలో కూడా జరుగుతాయి. ఆ నెలల్లో ఈశాన్యపు గాలులు తైవాన్ చుట్టూ సముద్రాన్ని రోజుల తరబడి కల్లోలంగా ఉంచుతాయి, ఉత్తర తీరంలో ముసురు పడుతూనే ఉంటుంది. నేల మీద రేసులో అలిసిన పావురం చెట్టు మీదో మిద్దె మీదో దిగుతుంది. సముద్రం మీద దిగితే మునిగిపోతుంది. జంతు హక్కుల సంస్థ పీటా రహస్యంగా పరిశోధించి 2013లో బయటపెట్టిన వివరాల ప్రకారం అక్కడి రేసుల్లో ఏటా పది లక్షలకు పైగా పావురాలు చనిపోతున్నాయి, మొదలుపెట్టిన వాటిలో ఒక్క శాతం కూడా సిరీస్ ముగించడం లేదు. పీటా ఉద్యమ సంస్థ, ఇది దాని లెక్క. సగానికి సగం తగ్గించుకుని చూసినా దీన్ని ఆట అనడానికి నోరు రాదు. పందేల డబ్బు ఎంత పెద్దదంటే, దారిలో వలలు కట్టి పావురాలను పట్టి యజమానుల దగ్గర డబ్బు గుంజే ముఠాలు కూడా పుట్టుకొచ్చాయి.

రేసులను సమర్థించేవాళ్ల దగ్గర ఒక బలమైన మాట ఉంది. "గుర్రానికి కళ్లెం ఉంటుంది, ఎద్దుకు ముల్లుకర్ర ఉంటుంది, పావురానికి ఏముంది? వదిలాక అది స్వేచ్ఛాజీవి. ఇష్టం లేకపోతే ఎక్కడైనా ఉండిపోవచ్చు. ఇంటికి వస్తోందంటే తనకు ఇష్టమయ్యే." వినడానికి బాగుంటుంది. పెంపకందారుకూ పావురానికీ మధ్య ఉండే అనుబంధం తెలిసినవాళ్లు దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. కానీ పావురం ఇంటికి ఎందుకు వస్తుంది? అక్కడ జత ఉంది, గుడ్లో పిల్లలో ఉన్నాయి, తిండి ఉంది. రేసుకు ముందు మగ పావురాన్ని ఆడదాని నుంచి కొన్నాళ్లు వేరు చేసి, బయల్దేరే ముందు ఒక్కసారి చూపించి బుట్టలో పెట్టడం చాలా దేశాల్లో మామూలు పద్ధతి. ఆ ఆరాటాన్ని పెంచి, దాన్ని 500 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదిలి, ఇష్టమై వచ్చిందనడం సరిపోదు. తిరిగి రాకుండా ఉండడం దాని స్వభావంలోనే లేదు. ఎక్కడ వదలాలో, ఏ రోజు వదలాలో మాత్రం పూర్తిగా మనిషి ఇష్టం.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: అడవి పక్షులు చలిలో, వానలో ఎగరడం లేదా అని. వలస పక్షులు ఎగురుతాయి, నిజమే. పావురాల మూల జాతి వలస పక్షి కాదు. అది పుట్టిన కొండల చుట్టుపక్కలే బతుకుతుంది, మేతకు వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తుంది. మంచు పడితే కదలకుండా కూర్చుంటుంది. చలికాలంలో వందల కిలోమీటర్లు ప్రయాణించాల్సిన పని ప్రకృతి దానికి ఎప్పుడూ పెట్టలేదు. అది పూర్తిగా మనం పెట్టిన పని, కాబట్టి దాని మంచిచెడ్డలూ మనవే.

"రానివి బలహీనమైనవి, పోతే జాతి మెరుగవుతుంది" అనే వాదన అయితే మరీ కఠినం. ఒక మామూలు రోజున పదిశాతం రాకపోతే పక్షుల్లో లోపం వెతకొచ్చు. పొగమంచు రోజున సగం రాకపోతే లోపం వదిలినవాళ్లలో ఉంది. ఆ రోజు తిరిగి వచ్చినవి గొప్పవి కావొచ్చు, కేవలం అదృష్టం ఉన్నవీ కావొచ్చు. రానివాటిలో మంచి పక్షులు ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు.

ఇక చెన్నై. భారతదేశంలో హోమర్ రేసులకు పేరున్న ఊళ్లలో చెన్నై ముందుంటుంది. ఆ రేసుల దారి తెలుగు నేల మీదుగానే. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, వరంగల్, అక్కడి నుంచి బల్లార్షా, నాగపూర్, ఇంకా దూరపువైతే భోపాల్, ఝాన్సీ దాకా, దాదాపు చెన్నై-ఢిల్లీ రైలు మార్గం వెంట పావురాలను తీసుకెళ్లి వదులుతారు. కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఇక్కడ ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. ఈ దారికి చలికాలం చివరే మంచి కాలం. దానికి ముందు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు. దాని తర్వాత నలభై దాటే ఎండలు. పగలు కూడా బ్రిటన్‌లోలా కుంచించుకుపోదు. డిసెంబరులో కూడా చెన్నైలో పదకొండు గంటలకు పైగా వెలుతురు ఉంటుంది. జనవరిలో వీచే ఈశాన్యపు గాలి దక్షిణానికి వెళ్లే పావురానికి వెనక నుంచి ఆసరా ఇస్తుంది. తైవాన్‌లో అదే ఈశాన్యపు గాలి సముద్రాన్ని కల్లోలపరుస్తుంది. నెల ఒకటే, నీతి ఒకటి కాకపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో అయితే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో నడి వేసవి.

అలాగని చెన్నై రేసుల్లో చింత లేదని కాదు. పొగమంచు ఉంది. జనవరిలో కృష్ణా డెల్టాలో, మధ్యభారతంలో ఉదయం ఎంత దట్టంగా దిగుతుందో హైవే మీద తెల్లవారుజామున ప్రయాణించినవాళ్లకు తెలుసు. విజయవాడ నుంచి చెన్నైకి ఆకాశ మార్గంలో సుమారు 380 కిలోమీటర్లు. గంటకు 60 చొప్పున ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఏడింటికి వదిలితే ఒంటిగంటన్నర లోపు చేరుతుంది, డేగ తరిమినా, దారి తప్పి గంట తిరిగినా ఇంకా వెలుతురు మిగిలి ఉంటుంది. మంచు విడిచేదాకా ఆగి పదిన్నరకు వదిలితే చేరేసరికి ఐదు కావస్తుంది. ఆరింటికి పొద్దు గుంకుతుంది. అంటే దాని చేతిలో మిగిలింది ఒక్క గంట. మంచు విడవకముందే ఏడింటికి వదిలితే ఇంకా ఘోరం. ఈ రెండు దారులూ కాకుండా మూడోది ఉంది, ఆ రోజు వదలకపోవడం. పావురాలకు నీళ్లూ గింజలూ పెట్టి మర్నాటిదాకా ఆగడం. అదీ కుదరకపోతే బుట్టలతో ఇంటికి తిరిగి తెచ్చేయడం. దీనికి అయ్యేది లారీ అద్దె, రెండు రోజుల పని, సభ్యుల సణుగుడు. నాగపూర్ నుంచి సుమారు 900 కిలోమీటర్లు. అలాంటి దూరాల్లో రాత్రి మజిలీ దాదాపు తప్పదు కాబట్టి వదిలేచోట ఒక్కటే చూసుకుంటే చాలదు, మర్నాడు దారిలో వాతావరణం కూడా చూసుకోవాలి.

మన దారిలో ఉన్న ఇంకో ప్రమాదం మాంజా. సంక్రాంతి నాలుగు రోజులూ హైదరాబాద్, వరంగల్ ఆకాశం గాలిపటాలతో నిండిపోతుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా ఏటా పండగ తర్వాత చెట్లకు వేలాడే దారాల్లో పక్షులు చిక్కుకుంటూనే ఉన్నాయి. రెక్క సందులో ఆ దారం పడితే కండరం తెగుతుంది. ఆ వారం తెలంగాణ మీదుగా పావురాలను వదలకుండా ఉండడానికి ఏ శాస్త్రమూ అక్కర్లేదు, పంచాంగం చూస్తే చాలు.

చట్టం ఏమంటుంది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్, ఒక జంతువు ఎవరి చేతిలో ఉందో వాళ్లు దాని క్షేమం చూడాలని, అనవసర బాధ కలగకుండా కాపాడాలని చెబుతుంది. పదకొండో సెక్షన్ బాధ కలిగేలా జంతువులను తరలించడాన్ని, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో విడిచిపెట్టడాన్ని నేరమంటుంది. మొదటిసారి దొరికితే ఆ చట్టంలో రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. లక్షల ప్రైజు ఉన్నచోట అది ఎవరినీ ఆపదు. జల్లికట్టు మీద 2014 తీర్పులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్లను విస్తరించి చదివింది, వినోదం అవసరం కిందికి రాదంది. తర్వాత రాష్ట్రాలు చట్టాలు సవరించుకున్నాయి, 2023లో రాజ్యాంగ ధర్మాసనం వాటిని నిలబెట్టింది. ఎద్దుల మీద, సంక్రాంతి కోళ్ల మీద ఇంత చర్చ జరిగిన దేశంలో పావురాల మాట దాదాపు రాలేదు. కారణం ఊహించొచ్చు. కోడిపందెంలో రక్తం బరిలోనే, అందరి ముందే కారుతుంది. పావురం ఎక్కడో పొలం గట్టు మీద, ఎవరూ చూడని చోట పోతుంది.

అందుకే నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్న దగ్గరికి మళ్లీ రావాలి. పావురాలతో పాటు వెళ్లి వాటిని వదిలే మనిషి మీద ఒత్తిడి మామూలుది కాదు. ఫోన్ మోగుతూనే ఉంటుంది. శనివారం వదలకపోతే ఆదివారం సభ్యులు గూళ్ల దగ్గర ఉండరు, తర్వాతి వారం ఇంకో రేసు ఉంది, ప్రైజు డబ్బు కట్టేసి ఉన్నారు. ఆ టెన్షన్‌లో పల్చని మంచు కూడా "విడిచిపోయేలా ఉంది" అనిపిస్తుంది. ఆ మనిషికి రేసులో సొంత పావురం గానీ, పందెం గానీ ఉండకూడదు. వదలనని అతను ఒక మాటంటే అదే చివరి మాట కావాలి, ఆ తర్వాత ఎవరూ నిలదీయకూడదు. ఎంత దూరానికి కనీసం ఎన్ని గంటల వెలుతురు మిగిలి ఉండాలో సీజన్ మొదలుకాకముందే రాసిపెట్టుకుంటే ఆ ఉదయం వాదన ఉండదు. సముద్రం మీది రేసులకు మాత్రం ఇలాంటి జాగ్రత్తలేవీ సరిపోవు. దిగడానికి చోటులేని దారిలోకి చలికాలపు గాలిలో పిల్ల పావురాలను వదలడాన్ని ఏ నియమమూ మంచిపని చేయలేదు. వాటిని ఆపేయడమే మార్గం.

ఫలితాల కాగితం సంగతి కూడా చూడాలి. అందులో మొదటి ఇరవయ్యో యాభయ్యో ఉంటాయి, వేగం దశాంశాలతో సహా. ఎన్ని వదిలారు, ఆ సాయంత్రానికి ఎన్ని వచ్చాయి, మూడో రోజుకు ఎన్ని, అసలు రానివి ఎన్ని అన్న నాలుగు అంకెలు కూడా అదే కాగితం మీద అచ్చయితే ఏ క్లబ్బు ఎలాంటి రోజున బుట్టలు తెరిచిందో అందరికీ తెలుస్తుంది. లెక్కలు ఎలాగూ క్లబ్బు దగ్గర ఉంటాయి. రింగు నంబరు లేకుండా ఒక్క పావురం కూడా బుట్టలోకి వెళ్లదు.

ఆ రింగు దారిలో ఉన్న ఊళ్లవాళ్లకు కూడా పనికొస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య రింగున్న పావురం డాబా మీద వాలితే దాన్ని తరమకూడదు, గుంపుగా చుట్టుముట్టకూడదు. లోతు తక్కువ గిన్నెలో నీళ్లు పెట్టాలి, ముందు అదే కావాలి దానికి. తర్వాత గుప్పెడు జొన్నలో సజ్జలో మొక్కజొన్న గింజలో చల్లాలి. పిల్లులూ కుక్కలూ చేరని చోట, గాలి తగిలే అట్టపెట్టెలో నీడన ఉంచితే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తేరుకుని తనంతట తానే ఎగిరిపోతుంది. రెక్క వేలాడుతున్నా, దారం చిక్కుకుని ఉన్నా లాగకుండా దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రింగు మీది అక్షరాల్లో సాధారణంగా క్లబ్బు గుర్తు, పుట్టిన సంవత్సరం, వరుస సంఖ్య ఉంటాయి. కొన్నిటికి యజమాని ఫోన్ నంబరు కూడా ఉంటుంది.